కళింగ స్టేడియం దాకా వెళ్ళి వచ్చాం

నిన్న, 2022 అక్టోబర్ 30న, నవీ ముంబైలో ఫైనల్ అయిపోయింది. స్పెయిన్ 1-0తో కొలంబియాను ఓడించి అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ తీసుకుపోయింది. మన జట్టు అంతకు పదమూడు రోజుల ముందే ఇంటిదారి పట్టింది. ఆ జట్టు ఆడిన మొదటి మ్యాచ్‌ను మా బడి పిల్లలకు చూపించాలని తిరుపతి నుంచి భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియానికి వెళ్ళి వచ్చాను. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే వ్యాయామ ఉపాధ్యాయులు ఇంకెవరైనా ఉంటే వారికి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి బీజం పడింది 2019 మార్చిలో. ఆడపిల్లల ప్రపంచ కప్ మన దేశంలో జరుగుతుందని పేపర్లో వస్తే, మధ్యాహ్న భోజనం తర్వాత ఆ వార్త పిల్లలకు చదివి వినిపించాను. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న ఒక పిల్ల వెంటనే, 'మనమూ వెళ్దాం మేడం' అంది. మా జట్టులో ఎడమ కాలితో తన్నేది ఆ పిల్ల ఒక్కతే. సరేనన్నాను. రెండేళ్ళలో జరిగే పనే కదా అనుకున్నాను.

2020 నవంబర్లో జరగాల్సిన పోటీ కరోనా వల్ల 2021 ఫిబ్రవరికి పోయింది. తర్వాత అదీ రద్దయి, 2022 పోటీని మనకిచ్చారు. పెద్దల ఆటల్లో రెండేళ్ళు వెనక్కి జరిగితే పెద్ద నష్టం ఉండదు. వయసు లెక్కతో ఆడే ఆటల్లో మాత్రం ఆ రెండేళ్ళకు ఒక వరస పిల్లలంతా ఎగిరిపోతారు. 2020 పోటీకి 2003 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు అర్హులు. పోటీ 2022కు వచ్చేసరికి ఆ గీత 2005 జనవరి 1 అయింది. మధ్యలో పుట్టిన పిల్లలు శిబిరాల్లో చెమటోడ్చి, ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడకుండా పెద్దవాళ్ళైపోయారు. వాళ్ళ గురించి ఎవరైనా ఒక్క ముక్క రాసినట్టు నేను చూడలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

మా ఎడమకాలి పిల్ల పుట్టింది 2005లో. అంటే లెక్క ప్రకారం ఈ భారత జట్టు అమ్మాయిల ఈడుదే.

ఈ ఏడాది జూన్ 24న డ్రా తీశారు. అమెరికా, మొరాకో, బ్రెజిల్ ఉన్న గ్రూపులో మనం పడ్డాం. మన మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్‌లోనే. మొదటిది అక్టోబర్ 11, మంగళవారం, రాత్రి ఎనిమిదికి. అదే రోజు అదే మైదానంలో సాయంత్రం నాలుగున్నరకు బ్రెజిల్, మొరాకో ఆడతాయి. వెళితే ఆ రోజే వెళ్ళాలి, ఒక్క ఖర్చుతో రెండు మ్యాచ్‌లు చూడొచ్చు అనుకున్నాను. దసరా అక్టోబర్ 5నే అయిపోతుంది కాబట్టి బడి ఉన్న రోజుల్లోనే వెళ్ళాలి. ఒక్క వారం ముందు పెట్టి ఉంటే నా సెలవులు మిగిలేవి.

జులైలో ఇంటింటికీ తిరిగాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, యూరప్ పర్యటనలో ఉన్న మన అండర్-17 జట్టు సహాయ కోచ్‌ని అసభ్య ప్రవర్తన ఆరోపణ మీద తొలగించారన్న వార్త వచ్చింది. తిరుపతి జీవకోనలో ఒక తండ్రి పేపరు నా ముందు పెట్టి, 'దీనికేమంటారు మేడం?' అన్నాడు. తిరుమల ఘాట్ రోడ్డులో జీపు నడిపే మనిషి, మొహమాటం లేదు. నా దగ్గర జవాబు లేదు. తల్లుల్లో ఎవరైనా ఒకరు మాతో రావాలని, గదిలో నేనూ పిల్లలతోనే పడుకోవాలని, రాత్రి ఎంత ఆలస్యమైనా స్టేడియం నుంచి గదికి చేరగానే ఫోన్ చేయాలని ఆయనే షరతులు పెట్టాడు. మూడూ మంచి షరతులే. మిగతా ఇళ్ళలో నేనే ముందుగా ఆ మూడూ చెప్పాను. ఆ తర్వాత ఎక్కడా ఇబ్బంది రాలేదు. గోల్‌కీపర్ పిల్ల తల్లి తోడు వస్తానంది. పూలు కట్టి అమ్ముకునే మనిషి, నాలుగు రోజుల బేరం వదులుకుని వచ్చింది.

చివరికి లెక్క తేలింది. బడి పిల్లలు ఆరుగురు, ఆ తల్లి, నేను, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా ఎడమకాలి పిల్ల. మొత్తం తొమ్మిది మంది. మనిషికి 1,800 రూపాయలు అనుకున్నాం. కొందరు ఒకేసారి ఇచ్చారు, కొందరు వారానికి వంద, రెండు వందల చొప్పున ఇచ్చారు. అందరికంటే ముందు మొత్తం కట్టేసింది ఇంటర్ పిల్ల తల్లి.

రైలు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను తెలియక ఇబ్బంది పడింది ఇక్కడే. తిరుపతి నుంచి పూరీ వెళ్ళే రైలు భువనేశ్వర్ వెళ్ళదు. ఖుర్దా రోడ్డులో పక్కకు తిరిగి పూరీకి పోతుంది. అక్కడ దిగి ఇంకో రైలో, బస్సో పట్టుకోవాలి. అది రోజూ ఉండే రైలు కూడా కాదు. మాకు సోమవారం 10వ తేదీ దొరికింది. అంటే మ్యాచ్ రోజునే దిగడం. ఇక ఆన్‌లైన్లో ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి రాయనివ్వరు. ఆరుగురిది ఒక టికెట్టు, ముగ్గురిది ఒకటి తీశాను. ఆరుగురికీ బెర్తులు వచ్చాయి. నేను ఆ తల్లీ ఇంటర్ పిల్లా ఉన్న టికెట్టు వెయిటింగ్ లిస్టులో పడింది. అంటే పిల్లలు వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళు వెళ్ళకూడదు! ప్రతి టికెట్టులోనూ ఒక పెద్ద మనిషి ఉండేలా పంచుకోవాలని తర్వాత తట్టింది.

ఆగస్టు 16 పొద్దున్న టీవీలో వార్త. భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. బయటివాళ్ళ జోక్యం పెరిగిందట. ఇలాగే ఉంటే ప్రపంచ కప్ మన దేశంలో జరగదు. మా పిల్లలకు జోక్యమంటే ఏమిటో, ఎవరిదో అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైందని చెప్పలేను. మధ్యాహ్నానికి నా చేతిలో లెక్క తయారైంది. బెర్తు ఖాయమైన స్లీపర్ టికెట్టు రద్దు చేస్తే అప్పట్లో మనిషికి 120 రూపాయలు పోయేది, వెయిటింగ్ లిస్టుదైతే 60. తొమ్మిది మందికి కలిపి 900. ప్రయాణానికి రెండు రోజుల ముందు దాకా ఎప్పుడు రద్దు చేసినా అంతే కోత. మరి తొందరెందుకని ఊరుకున్నాను. పదకొండు రోజులు ప్రతి సాయంత్రం ప్రాక్టీసుకు వస్తూనే పిల్లలు అడిగేవాళ్ళు, 'ఎత్తేశారా మేడం?' అని. ఆగస్టు 26 రాత్రి ఎత్తేశారు. మర్నాడు పొద్దున ఆరింటికే గ్రౌండులో ఉన్నారు. నేను చెప్పేలోపే వాళ్ళకు తెలిసిపోయింది.

సెప్టెంబర్ ఆఖరులో మ్యాచ్ టికెట్లు ఫోనులోనే తీసుకున్నాను. తొమ్మిది. వాటి ధర రైలు ఖర్చు ముందు లెక్కలోది కాదు.

అక్టోబర్ 8, శనివారం సాయంత్రం ఇంటర్ పిల్ల తల్లి బడికి వచ్చింది. కాలేజీ హాస్టలువాళ్ళు పిల్లను పంపబోమన్నారట. ఆ వారంలో పరీక్షలున్నాయి, ఫుట్‌బాల్ చూడటానికి సెలవేమిటి అన్నారట. ఆమె రెండుసార్లు వెళ్ళి అడిగి వచ్చింది. నేనూ ఫోన్ చేశాను. ఎవరో ఒక సారు మర్యాదగానే విన్నాడు, మర్యాదగానే కాదన్నాడు. ఆదివారం టికెట్టులో ఆ ఒక్క పేరు రద్దు చేశాను. ఆ టికెట్టు ఇంకా ఖాయం కాలేదు కాబట్టి కోత 60 రూపాయలే. మ్యాచ్ టికెట్టును మాత్రం ఏమీ చేయలేదు.

అదే రాత్రి చార్టు వచ్చింది. ఆ తల్లికీ నాకూ కలిపి ఆర్‌ఏసీ. అంటే ఒక పక్క బెర్తు మీద ఇద్దరం కూర్చుని పోవాలి. నిద్ర సంగతి వేరు, రైలు ఎక్కనిస్తారన్నదే పెద్ద ఊరట.

మా పెట్టెలో సగం మంది తిరుమల నుంచి తిరిగి వెళ్తున్న ఒడిశా యాత్రికులు. గుండ్లు, గంధం, ఒళ్ళో లడ్డూ సంచులు. మేమూ లడ్డూలు తెచ్చుకున్నాం. తిరుపతి నుంచి ఎక్కడికి వెళ్ళినా లడ్డూ లేకుండా వెళితే మనిషిగా చూడరు కదా. ఎదుటి బెర్తు ముసలామె పిల్లల నీలం చొక్కాలు చూసి హిందీలో ఎక్కడికని అడిగింది. ఫుట్‌బాల్ అని చెబితే ముందు నమ్మలేదు. అమ్మాయిల ఆటా? ప్రపంచ కప్పా? భువనేశ్వర్‌లోనా? తన ఊళ్ళో జరుగుతున్న సంగతి తిరుపతి పిల్లలు చెబితే తెలిసిందని నవ్వి నవ్వి గుండు తడుముకుంది. పలాసలో జీడిపప్పు కొని ఆరుగురి చేతుల్లోనూ పోసింది.

రైలు రెండున్నర గంటలు ఆలస్యం. ఖుర్దా రోడ్డులో దిగేసరికి పిల్లల ముఖాల్లో ఆకలి, నా ముఖంలో భయం. భువనేశ్వర్ చేరి, స్టేషన్ దగ్గర లాడ్జికి వెళితే ఇంకో మెలిక. అందరివీ ఆధార్ కార్డులు కావాలి, మైనర్ పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకంతో కాగితం కావాలి అన్నాడు గుమాస్తా. అదృష్టం కొద్దీ బడిలో ఇవ్వడానికి రాయించుకున్న అంగీకార పత్రాల నకళ్ళు నా సంచిలో ఉన్నాయి. తెలుగులో ఉన్నాయి. అతను వాటిని తిప్పి తిప్పి చూసి, బరంపురం వాళ్ళావిడను ఫోన్లో పిలిచి ఒక కాగితం చదివించుకున్నాడు. చదివాక ఏమీ అనకుండా తాళాలిచ్చాడు. రెండు గదులు, ఒక్కోటి 1,400. వెళ్ళేవాళ్ళు ఆ కాగితం ఇంగ్లీషులో ఒకటి రాయించుకోండి.

భోజనం దగ్గర పేచీ. అన్నం ఉంది, దాల్మా ఉంది. కూరగాయలన్నీ వేసి ఉడికించిన పప్పు, సాంబారు చిక్కబడితే ఉండే తీరు. కారం లేదని ఇద్దరు ముఖం చిట్లించారు. గోల్‌కీపర్ తల్లి, మా పూలమ్మ గారు, సంచిలోంచి ఆవకాయ తీసింది. పేచీ అయిపోయింది.

స్టేడియం గేటు దగ్గర మూడున్నరకే చేరాం. తినే వస్తువులూ నీళ్ళ సీసాలూ లోపలికి వద్దన్నారు. పులిహోర పొట్లాలు ఎనిమిదీ గేటు బయట నిలబడి గబగబా తినేశాం. నా మెడలో విజిల్ ఉందని నాకే గుర్తులేదు. తనిఖీ చేసే అమ్మాయి చూసి వేలు ఊపింది. పన్నెండేళ్ళుగా ఉన్న విజిల్, వదలబుద్ధి కాలేదు. ఒక లడ్డూ ఆమె చేతిలో పెట్టాను, లంచంగా కాదు, అలవాటుగా. ఆమె లడ్డూ కళ్ళకద్దుకుని తీసుకుంది, విజిల్ కూడా తీసుకుంది. వెళ్ళేటప్పుడు అడిగి తీసుకోమంది. నిజంగానే రాత్రి తిరిగి ఇచ్చింది.

లోపలికి వెళ్ళగానే పిల్లలు నిలబడిపోయారు. ఆ పచ్చదనానికి. మా గ్రౌండు ఎర్రమట్టి, గులకరాళ్ళు. ఒక మూల క్రికెట్ కుర్రాళ్ళు, ఇంకో మూల బైకు నేర్చుకునేవాళ్ళు. 'నిజం గడ్డేనా?' అని ఒకతె అడిగింది. బ్రెజిల్ 1-0తో మొరాకోను గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఎవరి పక్షమూ లేదు కాబట్టి హాయిగా చూశాం. మా పక్కన తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉంటే సంచులు దాని మీద పెట్టుకున్నాం.

ఎనిమిదికి ఫ్లడ్‌లైట్ల కింద మన అమ్మాయిలు వచ్చారు. జాతీయ గీతం పాడుతుంటే నాకు గొంతు పట్టేసింది. కెప్టెన్ అష్టం ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆమె గౌరవార్థం ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ పనిలో ఆమె తల్లిదండ్రులే కూలి చేస్తున్నారని పత్రికల్లో వచ్చింది. పూలమ్మ గారికి ఆ సంగతి చెప్పాను. ఆమె మ్యాచ్ అంతా ఆ ఒక్క పిల్లనే చూసింది, బంతి ఎక్కడున్నా సరే.

తొమ్మిదో నిమిషంలో మొదటి గోల్ పడింది. పదిహేనులో రెండోది. అమెరికా పిల్లలు పరుగెత్తుతుంటే మనవాళ్ళు నడుస్తున్నట్టు అనిపించింది, నడవడం లేదు, ప్రాణం పెట్టి పరుగెత్తుతున్నారు. తేడా అంత ఉంది. మన జట్టు ఇటలీ వెళ్ళింది, నార్వే వెళ్ళింది, స్పెయిన్ వెళ్ళింది, స్వీడన్ కోచ్ థామస్ డెనర్బీ దగ్గర నెలల తరబడి నేర్చుకుంది. అవతల వాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి నేర్చుకున్నారు. సగం సమయానికి అయిదు. మా పిల్లల్లో ఒకతె జెండా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

మా గోల్‌కీపర్ మాత్రం వేరే ఏదో చూస్తోంది. గోల్ పడ్డ ప్రతిసారీ మన కీపర్ వెనక్కి తిరిగి, వలలోంచి బంతి తీసి, మధ్యకు తన్నడం. అయిదోసారి అయ్యాక నా చెవి దగ్గర చేరి, 'వల ఉంటే ఎంత సుఖమో కదా మేడం, బంతి వెంట పరుగెత్తక్కర్లేదు' అంది. మా గ్రౌండులో గోల్ అంటే రెండు ఇనుప గొట్టాలు, పైన ఒక కర్ర. వెనక ప్రహరీ, దానికి ఒక కన్నం, కన్నం అవతల మురుగు కాలువ. గోల్ తిన్న కీపరే వెళ్ళి బంతి తేవాలని మా నియమం. నేనే పెట్టాను. అయిదేళ్ళలో ఆ నియమం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

51లో ఆరు, 59లో ఏడు. 62వ నిమిషంలో మియా భూటా అనే అమ్మాయి ఎనిమిదోది కొట్టింది. పేరు వినిపించగానే పిల్లలు నా వైపు తిరిగారు. అవును, భారత మూలాలున్న అమ్మాయే అన్నాను. 'అయితే సగం మనదే' అంది జీవకోన పిల్ల.

ఆ తర్వాత గోల్ పడలేదు. అది ముందు గమనించింది కూడా మా గోల్‌కీపరే. డెబ్భైలో ఒకసారి, ఎనభైలో ఒకసారి గడియారం చూపించింది. చుట్టూ జనం ఇంకా 'ఇండియా, ఇండియా' అంటూనే ఉన్నారు, ఎనిమిది తిన్నాక కూడా. ఆఖరి పది నిమిషాలు మా ఆరుగురూ నిలబడే ఉన్నారు. ఒక్కో బంతి బయటికి పోతుంటే గెలిచినంత అరుపు. పక్క వరసలో ఒకాయన విచిత్రంగా చూశాడు. 0-8 దగ్గర ఎవరైనా అంత సంతోషంగా అరుస్తారా మరి.

పది దాటాక ఆటోలు దొరకలేదు. దొరికినవాళ్ళు మూడింతలు అడిగారు. ముప్పావు గంట నిలబడి రెండు ఆటోల్లో వెళ్ళాం. జీవకోన తండ్రికి ఫోన్ చేస్తే మొదటి మోతకే ఎత్తాడు. 'ఎనిమిదంట కదా మేడం' అని మాత్రం అన్నాడు. తిరుగు ప్రయాణానికి నేరుగా రైలు దొరకలేదు. విజయవాడ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి. 13 రాత్రికి తిరుపతి చేరాం. మొత్తం ఖర్చు 21,640 రూపాయలు. ఎనిమిది మంది కట్టింది, స్టాఫ్ రూములో వసూలైన 4,500 పోగా మిగతాది నాది.

14న మొరాకో మ్యాచ్ మా ఇంట్లో చూశారు. సగం సమయానికి 0-0 అని పొంగిపోయాం. తర్వాత మూడు పడ్డాయి. 17న బ్రెజిల్ అయిదు కొట్టింది. మొత్తం పదహారు తిన్నాం, ఒక్కటీ కొట్టలేదు.

మధ్యలో 16, ఆదివారం, ఇంటర్ పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. వారానికి ఒక్కసారి, పది నిమిషాలు. తల్లితో ఆరు నిమిషాలు మాట్లాడి నాలుగు నాకు మిగిల్చింది. స్కోరు తెలుసంది. ఎనిమిదోది ఎప్పుడు పడిందని అడిగింది. 62లో అన్నాను. 'అయితే ఆ తర్వాతి అరగంట చెప్పండి' అంది. చెప్పాను, సగం కాకుండానే ఫోన్ కోసేశారు.

తన 1,800లో టికెట్టు కోత, ఖాళీ కుర్చీ పోగా మిగిలింది వాళ్ళమ్మకు తిరిగి ఇవ్వబోతే ఆమె, పిల్లను అడిగి చెబుతానంది. నిన్న ఫోన్లో పిల్ల జవాబు వచ్చింది. అమ్మకిస్తే ఫీజులో కలిపేస్తుంది, ఇవ్వొద్దు, వల కొనండి అంది. మా ప్రయాణం కబుర్లు ఎవరు చేరవేశారో తెలియదు. ఆటసామాను కొట్లో అడిగాను. మిగిలిన డబ్బుకు ఇంకొంచెం వేసుకుంటే ఒక వల వస్తుంది, రెండు రావు. కాలువ వైపు గోలుకే కట్టాలని కీపర్ అంటోంది. ఎండ ఎదురు కొట్టని వైపు కట్టాలని మిగతా అయిదుగురూ అంటున్నారు. ఈ పొద్దున ప్రాక్టీసు సగం ఆ వాదనలోనే పోయింది.